దగ్గితే మళ్లీ మొదటికి

డాక్టర్ మునిరత్నానికి కావలసింది రెండే రెండు నిమిషాలు. పదవి కాదు, అవార్డు కాదు, శాలువా అసలే కాదు. అఖిల భారత జ్వర వైద్య మహామండలి వార్షిక మహాసభలో మైకు ముందు నిలబడి నాలుగు వాక్యాలు చెప్పి దిగిపోతానంటాడు. ఆ నాలుగు వాక్యాల కోసం పదకొండేళ్లుగా ఏటా రైలెక్కుతున్నాడు, ఏటా నోరు మూసుకుని తిరిగొస్తున్నాడు. నోరు మూసుకుని అన్నది మాటవరసకు కాదండోయ్, అక్కడ నిజంగా జరిగేదే అది.

ముందు ఆ నాలుగు వాక్యాల సంగతి చెప్పాలి. చిత్తూరు జిల్లాలో అడవి అంచున ఎర్రమిట్టపల్లె అనే ఊళ్లో మునిరత్నానిది ఆరు మంచాల ఆసుపత్రి. పదకొండేళ్ల కిందట వానాకాలంలో గంగులప్ప అనే మేకల కాపరి జ్వరంతో వచ్చాడు. రక్తం పరీక్ష చేయిస్తే మలేరియా కాదన్నారు, టైఫాయిడ్ కాదన్నారు, డెంగీ కూడా కాదన్నారు. ఏదీ కాకపోయినా జ్వరం మాత్రం ఉంది. మునిరత్నం పెద్దాసుపత్రికి పంపాడు, వాళ్లు ఇంకా పెద్దాసుపత్రికి పంపారు. తొమ్మిదో రోజున గంగులప్ప శవమై ఊరికి తిరిగొచ్చాడు. స్నానం చేయిస్తూ వాళ్ల తమ్ముడు మునిరత్నాన్ని పిలిచి ఎడమ చంక చూపించాడు. అక్కడ బీడీతో కాల్చినట్టు నల్లటి చెక్కు. మూడు ఆసుపత్రుల్లో అంతమంది డాక్టర్లు చూశారు గానీ, మునిరత్నంతో సహా ఒక్కడంటే ఒక్కడు ఆ మనిషి చొక్కా విప్పించి చూడలేదు. ఆ సిగ్గు ఆయన్ని ఈనాటికీ వదల్లేదు.

పాత పుస్తకాలు దులిపి చూస్తే అందులో ఎప్పటినుంచో ఉంది. పొదల్లో తిరిగే, కంటికి ఆనని పురుగు కుట్టడం వల్ల వచ్చే జ్వరం. దాని పేరు స్క్రబ్ టైఫస్. కుట్టినచోట చాలామందికి నల్లటి చెక్కు కడుతుంది. ఏ మందుల షాపులోనైనా దొరికే మామూలు మాత్రలకు లొంగుతుంది, ఆలస్యం చేస్తే మనిషిని మింగుతుంది. అందుకని ఆయన నాలుగు వాక్యాలు రాసుకున్నాడు. జ్వరంతో వచ్చిన ప్రతి మనిషినీ బట్టలు తొలగించి చూడండి. చంకల్లో, నడుం చుట్టూ, గజ్జల్లో నల్లటి చెక్కు ఉందేమో వెతకండి. ఉంటే రిపోర్టుల కోసం కూర్చోకుండా మాత్రలు మొదలుపెట్టండి. కూర్చుంటే మనిషి పోతాడు.

ఇంత చిన్న మాటకు మహాసభ ఎందుకూ, పక్క ఊరి డాక్టర్లకు ఫోను చేసి చెప్పొచ్చుగా అంటారేమో. చెప్పాడు. అందరూ శ్రద్ధగా విని, సూచికలో లేదు కదండీ అన్నారు. సూచిక అంటే మండలి ఏటా అచ్చువేసే జ్వర సూచిక. ప్రతి ఆసుపత్రి గోడకూ వేలాడుతుంది. అందులో ఉన్నది చేసి రోగి పోతే విధి, లేనిది చేసి రోగి పోతే విచారణ. మరి సూచికలోకి ఎక్కాలంటే, మహాసభ ప్రధాన వేదిక మీంచి పైకి చదవాలి. అలా చదివిన ప్రతి వైద్య విషయాన్నీ సూచికలో చేర్చి తీరాలని నియమం. ఇంకో దారి లేదు.

ఇక మండలి చరిత్ర. ఎనభై తొమ్మిదేళ్ల కిందట పదమూడు మంది జ్వర వైద్యులు ఒక రైల్వే స్టేషన్ విశ్రాంతి గదిలో, బండి ఆలస్యమై, ఊసుపోక దీన్ని స్థాపించారు. మొదటి మహాసభలో రెండు రోజుల్లో ముప్ఫై ఒక్క పత్రాలు చదివారట. సీసాలో దోమల్ని తెచ్చి బల్ల మీద వదిలి మరీ వాదించుకున్నారట. రెండో మహాసభ నాటికి కోశాధికారి గారు కాలం చేశారు. సభ లేచి రెండు నిమిషాలు మౌనం పాటించింది. అదీ మర్యాదే, కాదనేదేముంది? మూడో ఏడు ఇంకొకాయన పోతే ఆయనకు పాటించారు. అప్పుడు కోశాధికారి గారి అల్లుడు లేచి, మా మామగారు నిరుడే పోయారు గనక ఈ ఏడు బతికున్నట్టు లెక్కా అని అడిగాడు. ఎవరి దగ్గరా జవాబు లేదు. జవాబు లేనప్పుడు సభలు ఏం చేస్తాయో ఈ సభా అదే చేసింది, ఒక తీర్మానం చేసింది. ఒకసారి సంతాపమునకు పాత్రుడైన సభ్యుడు శాశ్వతముగా పాత్రుడే. అదే పదిహేడో నియమం.

అంటే ఏటా, పోయిన ప్రతివాడికీ, పేరుపేరునా రెండు నిమిషాలు. అప్పటికి ఇద్దరే గనక నాలుగు నిమిషాలు, ఎవరికీ బరువనిపించలేదు. కానీ డాక్టర్లు కూడా మనుషులే, ఏటా పదిమందీ పదకొండుమందీ పోతూనే ఉంటారు, పోయినవాళ్లు తగ్గరు. నలభయ్యో ఏట ఒకాయన ధైర్యం చేసి అందరికీ కలిపి ఒక్కసారే నిలబడదామన్నాడు. సామూహిక సంతాపం వ్యక్తిగత గౌరవానికి భంగకరం అని సభ ఆయన్ని కూర్చోబెట్టింది. ఆ తర్వాత ఆయనా పోయాడు, పాపం. ఇప్పుడు ఆయనకూ విడిగా రెండు నిమిషాలు.

ఆ తర్వాత వచ్చింది దగ్గు గొడవ. మౌనం మధ్యలో ఎవరో ఖళ్లుమని దగ్గితే, మృతుడి కుటుంబం వారు తమకు న్యాయంగా రావలసిన మౌనంలో ఇరవై సెకన్లు తగ్గిందని ఫిర్యాదు పెట్టారు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టు, మండలి పదిహేడు-బి అనే నియమం చేసింది. మౌనమునకు ఏ శబ్దముచేనైనా భంగము కలిగినచో, సేవా స్మరణతో సహా మొదటినుంచి జరుపవలెను. సేవా స్మరణ అంటే, ఆ ఏడు కొత్తగా పోయినవారి గురించి మౌనానికి ముందు రెండు నిమిషాలపాటు చదివే కాగితం. జ్వర వైద్యుల సభ, శీతాకాలం, ఏసీ హాలు. దగ్గులేకుండా ఉంటుందా? స్టాప్‌వాచీలు పట్టుకుని మౌన పర్యవేక్షకులు వరస వరసకీ నిలబడ్డారు. శబ్దం వినబడితే ఎర్ర జెండా ఎత్తుతారు. గుమ్మం దగ్గర అందరికీ దగ్గు బిళ్లలు పంచుతారు. నిద్రపోవడానికి అభ్యంతరం లేదు గానీ గురక మాత్రం శబ్దమే.

ఇంత జరుగుతుంటే సభ్యులు పారిపోయి ఉంటారనుకుంటాం. అబ్బే, ఏటా పెరిగారు. డాక్టర్లకు రిజిస్ట్రేషన్ కొనసాగాలంటే ఇన్ని గంటలు వైద్య సభల్లో కూర్చున్నట్టు క్రెడిట్లు చూపాలి. హాల్లో ఎన్ని గంటలున్నారన్నదే లెక్క, ఏం విన్నారన్నది కాదు. మాట్లాడే సభల్లో అర్థం కాకపోతే అవమానం, మౌనంలో ఆ బాధ లేదు. చర్మ వైద్యులూ పంటి వైద్యులూ కూడా పేర్లు కట్టించుకుని వచ్చి జ్వర వైద్యులకు సంతాపం తెలిపి గంటలు మూటగట్టుకుని పోయేవారు.

మునిరత్నం మొదటిసారి వెళ్లినప్పుడు మృతులు అయిదువందల పదిమంది. రెండు నిమిషాల చొప్పున పదిహేడు గంటలు. మహాసభ మూడు రోజులు, రోజుకు ఎనిమిది గంటలు. దీపం వెలిగించడం, శాలువాలు, వందన సమర్పణ పోగా పత్రాలకు నాలుగు గంటలన్నా మిగిలేవి. మునిరత్నానికి మూడో రోజు చివర్న పది నిమిషాలిచ్చారు. ఆ పూట ఎవరో రెండుసార్లు తుమ్మారు. ఆయన కాగితం చేత్తో పట్టుకుని మెట్ల దగ్గర నిలబడి ఉండగానే జాతీయ గీతం మొదలైంది. తర్వాతి ఏడు పది నిమిషాలు అయిదయ్యాయి, ఆపైన మూడయ్యాయి, తర్వాత ఆయన పేరు పక్కన సమయం లభించినచో అని అచ్చువేశారు. సమయం ఏనాడూ లభించలేదు. పదకొండో ఏటికి మృతులు ఆరువందల ముప్ఫై, మౌనం ఇరవై ఒక్క గంట. మిగిలిన మూడు గంటలూ దీపాలకూ శాలువాలకూ బొటాబొటిగా సరిపోయాయి.

ఆ ఏడు ఆయన ప్రధాన కార్యదర్శి డాక్టర్ పరాంకుశం గారిని భోజనాల దగ్గర పట్టుకున్నాడు. పరాంకుశం గారు చిన్న మాట చెప్పాలన్నా ముందు గొంతు సవరించుకుని, ఎదుట వెయ్యిమంది ఉన్నట్టు మాట్లాడే మనిషి. మునిరత్నం గంగులప్ప కథంతా చెప్పి, ఈ పదకొండేళ్లలో చుట్టుపక్కల మండలాల్లో చెక్కు చూడక పోయినవాళ్లు తనకు తెలిసి ముప్ఫై నలుగురని, తెలియనివాళ్లు ఎందరో అని, రెండు నిమిషాలిప్పించమని చేతులు పట్టుకున్నాడు. పరాంకుశం గారు పెరుగన్నం పక్కన పెట్టి కళ్లు తుడుచుకున్నారు. ఆయనకు నిజంగానే బాధ కలిగింది.

"డాక్టర్ గారూ, తమరి విజ్ఞాన తృష్ణను మండలి సహృదయతతో గుర్తిస్తున్నది" అన్నారు. "కానీ రెండు నిమిషాలంటే ఒక మహనీయుడు. ఎవరిని తీసేయమంటారు, తమరే సెలవివ్వండి."

మునిరత్నం ఎవరి పేరు చెప్పగలడు? చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు గానీ, వినే నాథుడే లేకపోతే చెప్పేవాడి బతుకు ఇంకా లోకువ. తిరుగు ప్రయాణంలో మండలి ఉచితంగా ఇచ్చిన మండలి చరిత్ర గ్రంథం తిరగేశాడు. ఆరువందల నలభై పేజీల్లో పేజీకొక మృతుడి ఫోటో. చిట్టచివర విజ్ఞాన సేవ అనే అధ్యాయం ఒక్క పేజీ ఉంది. అందులో స్థలాభావం వల్ల వివరాలు ఇవ్వలేకపోతున్నాం అని రాసుంది.

ఊరికి రాగానే సిస్టర్ ఎస్తేరు ఎదురొచ్చింది. ఇరవై ఆరేళ్లుగా ఆ ఆసుపత్రికి నర్సూ, ఆఫీసూ, నోరూ అన్నీ ఆమే. ఈసారన్నా మాట్లాడనిచ్చారా అని అడిగింది. ఆయన బ్యాగు దించి, లేదన్నట్టు తలూపాడు. మరి ఆ హాల్లో మూడు దినాలు నోరు తెరిచేది ఎవరని అడిగింది. పోయినవాళ్ల సేవా స్మరణ చదివే సంతాప కార్యదర్శి ఒక్కడేనన్నాడు. ఏ వేదిక మీంచి చదువుతాడంది. ప్రధాన వేదిక మీంచే అన్నాడు.

"అయితే ఇంకేంది సార్" అంది ఎస్తేరు, సిరంజీల ట్రే సర్దుతూ. "సచ్చినోళ్లకు తప్ప మాటకు సందు లేదని వాళ్లే చెప్తా ఉంటే, మీరింకా బతికుండి ఏం సాధిస్తారు?"

ఆమె ఎకసెక్కానికే అంది. కానీ మునిరత్నం బ్యాగు విప్పడం మానేసి మండలి నియమావళి తీశాడు. సంతాప దరఖాస్తు నాలుగో అనుబంధంలో ఉంది. సభ్యుని పేరు, సభ్యత్వ సంఖ్య, మరణ కారణం, రెండు నిమిషాలకు మించని సేవా స్మరణ పాఠం. అడుగున, పై సభ్యుడు మరణించినట్టు మండలి శాశ్వత సభ్యుడైన ఒక వైద్యుడు ధ్రువీకరించవలెను. ఏ వైద్యుడైనా చాలు. మునిరత్నం శాశ్వత సభ్యుడే, వైద్యుడూ అవును. ఆ కాగితం తయారుచేసినవాళ్లకు, పోయినవాడే సంతకం పెడతాడన్న ఊహ ఎందుకొస్తుంది చెప్పండి?

మూడు రోజులు ఊగిసలాడాడు. అబద్ధం ఆడటం ఆయనకు అలవాటు లేదు. నాలుగో రోజున పక్క మండలం నుంచి ముప్ఫై అయిదో మనిషి కబురు వచ్చింది, ఒక బాలింత. చంకలో కాదట, నడుం దగ్గరట చెక్కు. మునిరత్నం పెన్ను తీసి నింపేశాడు. మరణ కారణం అన్నచోట, వేచి ఉండుట అని రాశాడు. సేవా స్మరణలో పుట్టిన ఊరు ఒక వాక్యం, మిగతా అంతా చెక్కు సంగతి. కింద తన సంతకం, తన నెంబరు, తన ముద్ర. మండలి కార్యాలయం దరఖాస్తును క్షుణ్ణంగా పరిశీలించి ఒక లోపం కనిపెట్టి వెనక్కి పంపింది. మృతుని ఫోటోల మీద గెజిటెడ్ అధికారి సంతకం లేదట. పెట్టించి పంపితే ఆమోదించారు.

మహాసభ ఆ ఏడు నాగపూర్‌లో. రిజిస్ట్రేషన్ బల్ల దగ్గరి గుమాస్తా కంప్యూటర్ చూసి, తమరు స్వర్గీయుల జాబితాలో ఉన్నారు, వారికి బ్యాడ్జీ లేదు, భోజనం కూపను కూడా లేదన్నాడు. మృతుల కుటుంబ సభ్యులకు ఏమైనా ఏర్పాటుందా అని మునిరత్నం అడిగాడు. ఎందుకు లేదూ, మొదటి వరసలో కుర్చీ, మంచినీళ్ల సీసా. మృతుడు తమరికి ఏమవుతారని అడిగాడు గుమాస్తా.

"చాలా దగ్గర" అన్నాడు మునిరత్నం.

రెండో రోజు ఉదయం పదకొండు గంటలకు ఆయన వంతు వచ్చింది. సంతాప కార్యదర్శిది ఏడిపించే గొంతు, ఆ గొంతు చూసే ఆ పదవి ఇచ్చారు. స్వర్గీయ డాక్టర్ మునిరత్నం గారు అని మొదలుపెట్టి, పుట్టిన ఊరు చదివి, జ్వరంతో వచ్చిన ప్రతి మనిషినీ బట్టలు తొలగించి చూడవలెనన్నది వారి ఆశయమని, చంకల్లోనూ నడుం చుట్టూ గజ్జల్లోనూ నల్లటి చెక్కు వెతకవలెనని, ఉన్నచో రిపోర్టుల కోసం కూర్చోరాదని, మాత్రల పేరూ మోతాదూ సహా గద్గద స్వరంతో చదివాడు. పదకొండేళ్ల మాట పైకి వినబడింది. కానీ మునిరత్నం వెనక్కి తిరిగి చూశాడు. పన్నెండు వందల మంది డాక్టర్లు కళ్లు మూసుకుని నిలబడ్డారు. సూచికకు ఎక్కుతుంది సరే, ఒక్కడి చెవికీ ఎక్కిన జాడ లేదు. ఆరువందల పేర్ల మధ్య ఇదొక పేరు, అంతే.

అప్పుడు మూడో వరసలో ఒక పెద్దాయన దగ్గాడు.

ఎర్ర జెండా లేచింది. హాలంతా నిట్టూర్చింది. సంతాప కార్యదర్శి కళ్లజోడు సర్దుకుని మొదటినుంచి చదివాడు. చంకల్లో, నడుం చుట్టూ, గజ్జల్లో. మునిరత్నం నిటారుగా అయ్యాడు. దగ్గితే మళ్లీ మొదటికి. ఇన్నేళ్లూ తన సమయాన్ని మింగేసిన నియమం ఇదే కదా! స్మరణ అయింది, అందరూ మౌనంలోకి దిగారు. నిమిషం గడిచాక ఆయన కర్చీఫ్ అడ్డుపెట్టుకుని చక్కగా దగ్గాడు.

మూడోసారి చదివారు. మళ్లీ దగ్గాడు. నాలుగోసారికి వెనక వరసల్లో కొందరు కళ్లు తెరిచి ఈ చెక్కు గోలేమిటని గొణిగారు. ఆ గొణుగుడుకే అయిదోసారి చదవాల్సి వచ్చింది. ఆరోసారికి కార్యదర్శి కాగితం చూడకుండా చెబుతున్నాడు, హాల్లో సగంమంది పెదాలు ఆయనతోపాటు కదులుతున్నాయి. ఒక పంటి వైద్యుడు పక్కవాడి చంక వైపు అనుమానంగా చూశాడు. ఎనిమిదోసారి చదివాక దగ్గగానే పర్యవేక్షకుడు వచ్చి మునిరత్నం భుజం మీద చెయ్యి వేశాడు. వెనకే పరాంకుశం గారు వచ్చి, తమరెవరని అడిగారు. మనిషిని గుర్తుపట్టలేదు. చేతులు పట్టుకున్న మనిషినే గుర్తుపట్టలేదు, అదీ సంగతి.

నేనే మునిరత్నాన్నని చెప్పాడు. కార్యవర్గం పక్క గదిలోకి వెళ్లి గంటన్నర తర్జనభర్జన పడింది. ఆ మనిషి బతికున్నాడా అన్నది కాదు వాళ్ల చర్చ, ఆ దగ్గు చెల్లుతుందా అన్నది. ఆఖరికి పరాంకుశం గారు తిరిగొచ్చి గొంతు సవరించుకున్నారు.

"మృతుడు సభ్యుడు కాడు. సభ్యుడు కానివాని దగ్గును సభ పరిగణనలోకి తీసుకోజాలదు. చివరి మౌనం చెల్లినట్టే భావించడమైనది."

మునిరత్నం ఆ తర్వాత ఎంత దగ్గినా జెండా లేవలేదు. లేవకపోతేనేం, ఎనిమిదిసార్లు చదివారు.

ఊరొచ్చి, తాను సజీవుడనని మండలికి ఉత్తరం రాశాడు. పదిహేడో నియమం ప్రకారం ఒకసారి పాత్రుడైనవాడు శాశ్వతంగా పాత్రుడే గనక మృతి రద్దు కాదని, నియమం సవరించాలంటే మహాసభలో చర్చించాలని, చర్చకు సమయం లేదని జవాబు వచ్చింది. మండలి లెక్కల్లో పోయినవాడికి క్రెడిట్లు లేవు, క్రెడిట్లు లేనివాడికి రిజిస్ట్రేషన్ లేదు. మందు చీటీ మీద సంతకం పెట్టే హక్కు పోయింది. ముప్ఫై నాలుగేళ్లుగా పెట్టిన సంతకం. తిరుపతి నుంచి ఒక కుర్ర డాక్టరును తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టి, తాను గుమ్మం పక్కన బెంచీ మీద కూర్చుని వచ్చిన ప్రతివాడికీ చొక్కా గుండీలు విప్పుకోమని చెప్పేవాడు. ఎస్తేరు ఒక రోజంతా ఎవరితోనూ మాట్లాడకుండా ఏడ్చింది, తన నోటి మాటే కొంప ముంచిందని. మునిరత్నం మాత్రం పోతే పోనిమ్మన్నాడు. నిజానికి పోనిమ్మని ఆయన మనసు అనలేదు, నోరే అంది.

ఆ సంగతి ఎలా పొక్కిందో గానీ, మరుసటి ఏడు మండలికి నలభై ఒక్క సంతాప దరఖాస్తులు ఎక్కువ వచ్చాయి. పాముకాటు మీద చెప్పుకోవలసింది ఉన్న ఒకాయన, పసిపిల్లల విరేచనాల మీద ఒకావిడ, వడదెబ్బ మీద ఇంకొకాయన, అందరూ తమ మరణాన్ని తామే ధ్రువీకరించుకుని పంపారు. మొదటి వరస కుర్చీలు చాల్లేదు. మండలి చరిత్రలో అంత వైద్యం వినబడిన మహాసభ మరొకటి లేదని, ఇది మృతుల త్యాగఫలమని పరాంకుశం గారు వార్షిక నివేదికలో పొగిడారు.

ఇక సూచిక. వేదిక మీద జరిగింది జరిగినట్టు ఎక్కించడమే సంపాదక వర్గం పని. వాళ్లు ఏదీ వదల్లేదు. జ్వరంతో వచ్చిన ప్రతి రోగినీ బట్టలు తొలగించి చెక్కు కోసం పరీక్షించవలెను. అనంతరము వైద్యుడు రెండు నిమిషములు రోగి పక్కన నిలబడి మౌనము పాటించవలెను. మౌనమునకు భంగము కలిగినచో పరీక్షతో సహా మొదటినుంచి జరుపవలెను. అచ్చయి దేశంలోని ఆసుపత్రి గోడలన్నింటికీ ఎక్కింది. ఎందుకని ఒక్కరూ అడగలేదు, సూచికలో ఉంది మరి.

రెండేళ్ల తర్వాత వానాకాలంలో మునిరత్నం చెల్లెల్ని చూడ్డానికి కోస్తా వైపు వెళ్లాడు. వెళ్లిన నాలుగో రోజున ఆయనకే జ్వరం తగులుకుంది. ఆరో రోజుకి తెలివి తప్పుతుంటే అక్కడి ప్రభుత్వాసుపత్రిలో చేర్చారు. పక్క మంచం మీద ఒక ముసలమ్మ ఉంది. రౌండ్సుకు వచ్చిన డాక్టర్ నస్రీన్, చదువు అయి ఏడాదన్నా కాని అమ్మాయి, ముసలమ్మను పరీక్షించి చేతులు కట్టుకుని మౌనంగా నిలబడింది. డాక్టరనే మనిషి తన పక్కన కదలకుండా నిలబడటం ముసలమ్మ జన్మలో చూసి ఎరగదు. నిలబడింది కదా అని చెప్పడం మొదలుపెట్టింది. మౌనానికి భంగమైంది. మళ్లీ పరీక్ష, మళ్లీ మౌనం, మళ్లీ మాటలు. అలా నాలుగోసారికి, ముసలమ్మ నెలనుంచీ చక్కెర మాత్రలు మింగడంలేదన్న సంగతి బయటపడింది. డాక్టర్ నస్రీన్ అది చీటీలో రాసుకుంది.

తర్వాత మునిరత్నం దగ్గరికి వచ్చింది. పొద్దుటినుంచీ నలభై మందిని చూసి అలిసిపోయి ఉంది. చంకలు రెండూ చూసింది, గజ్జలు చూసింది, ఏమీ లేదు. చేతులు కట్టుకుని నిలబడింది. మునిరత్నం ఆ మగతలోనే లెక్కపెట్టుకుంటున్నాడు. ఒక్క డాక్టరు చెవి రెండు నిమిషాలు కావాలని పదకొండేళ్లు తిరిగాడు. ఇప్పుడు చెవీ ఉంది, రెండు నిమిషాలూ ఉన్నాయి, చెప్పడానికే ఓపిక లేదు. నిమిషం నలభై సెకన్లు అయి ఉంటుంది, దగ్గొచ్చింది. ఈసారి కావాలని దగ్గలేదు, ఒట్టు.

డాక్టర్ నస్రీన్ నిట్టూర్చి మళ్లీ మొదలుపెట్టింది. చంకలు చూసింది. గజ్జలు చూసింది. ఈసారి లుంగీ ముడి వదులు చేసి నడుం వెనక్కి తడిమింది. అక్కడ లుంగీ మడత కింద, రూపాయి బిళ్లంత కూడా లేదు, నల్లటి చెక్కు. నర్సును పిలిచి, రిపోర్టుల కోసం ఆగకుండా మాత్రలు మొదలుపెట్టమంది. ఆ తర్వాత ఆయన మీదికి వంగింది.

"దీన్ని మునిరత్నం చెక్కు అంటారు తాతా. ఆయన చెప్పకపోయుంటే మాకు వెతకాలనే తెలిసేది కాదు. పుణ్యాత్ముడు, చనిపోయారు."

"ఎరుగుదునమ్మా" అన్నాడు మునిరత్నం. "ఉన్నప్పుడు ఆయన మాట ఎవరూ వినలేదు."

ఆ మాటకు ఆ పిల్ల ఏమనుకుందో, చెప్పులు విడిచి, తల వంచి, రెండు నిమిషాలు మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది. మునిరత్నానికి గొంతులో గరగరమంది. దుప్పటి నోటికి అడ్డం పెట్టుకుని, ఈసారి ఆయన దగ్గు ఆపుకున్నాడు.